కట్టుడు పళ్ళకు కదలని పునాది

మదనపల్లె నుండి కదిరికి పోవు త్రోవలో నున్న అంగళ్ళు మా నివాసము. తెలుగు బోధన మా వృత్తి. ముప్పది యేండ్లు పిల్లలచేత వర్ణముల ఉత్పత్తి స్థానములను వల్లె వేయించితిమి. తకారము, దకారము, నకారము, సకారము పలుకునపుడు నాలుక కొన పండ్ల వెనుక తాకవలెననియు, అందుచేతనే వానికి దంత్యములని పేరు వచ్చినదనియు చెప్పుచుంటిమి. ఆ పండ్లే లేనినాడు ఆ అక్షరముల గతి యేమగునో మేమెన్నడును ఆలోచింపలేదు. ఉద్యోగ విరమణ చేసిన కొలది కాలమునకే ఆ పాఠము మాకు అనుభవమునకు వచ్చినది.

చిగుళ్ళ వ్యాధిచేత మా పండ్లు ఒకటొకటిగా కదలి రాలిపోయినవి. అరువదిరెండవ యేట మీది దవడకును క్రింది దవడకును కట్టుడు పళ్ళు పెట్టించుకొంటిమి. మీది వరుస చక్కగా నిలిచినది. క్రింది వరుస మాత్రము రెండేండ్లు గడచునప్పటికి పడవ వలె ఊగసాగినది. రాగిసంగటి మ్రింగెడి వస్తువే గాని నమలెడి వస్తువు కాదు గనుక మా సీమవారికి అదొక అదృష్టము. కాని సంగటి నంజుకొను ఊరిబిండిలోని వేరుసెనగ పలుకు ఒక్కటి ఆ కట్టుడు పళ్ళ క్రింద చేరినచో చిగురునకు ముల్లు గ్రుచ్చుకొన్నట్లుండెడిది. పితికిపప్పు, మురుకులు, చెరకు ముక్క, అన్నియు ఒకటి వెనుక ఒకటి మాకు దూరమైనవి. విందులకు పోయినచో పెరుగన్నము తిని లేచెడివారము.

తిండిని గూర్చి మేమంతగా చింతింపలేదు. మా వీధి రామమందిరములో ఏటేట శ్రావణమాసమున సాయంకాలములందు భాగవతము చదువుట మా అలవాటు. ఒకనాడు పద్యము నడుమ క్రింది వరుస పైకి లేచి నాలుకకు అడ్డుపడినది. వెంటనే నోటికి ఉత్తరీయము అడ్డు పెట్టుకొంటిమి. పెద్దలు చూడనట్లే ఊరకుండిరి. వెనుక కూర్చున్న పిల్లలు మాత్రము నవ్విరి. వారి తప్పు లేదు. మరునాటి నుండి గొంతు బాగుగా లేదని సాకు చెప్పి పుస్తకము మరియొకరి చేతికిచ్చితిమి. ఇంటిలో మాటలాడుట కూడ తగ్గించితిమి. ఒక మనిషి మాట మానుకొన్నచో అతడు సగము ఇల్లు విడిచి పోయినట్లే యని మా ఇల్లాలు పలుమారు అనుచుండెడిది.

క్రింది వరుసయే ఏల కదలునో మదనపల్లెలోని దంతవైద్యుడొకరు మాకు నచ్చజెప్పిరి. మీది పళ్ళ పలక అంగిలి నంతటిని కప్పి, తడి గాజుపలక మరియొక పలకకు అంటుకొన్నట్లు పట్టుకొని యుండును. క్రింద అట్టి ఆధారము లేదు. ఉన్నది గుఱ్ఱపు నాడా వంటి సన్నని గట్టు మాత్రమే. లోపలి నుండి నాలుక, వెలుపలి నుండి పెదవి, బుగ్గలు దానిని క్షణక్షణము త్రోయుచుండును. అంతకంటె ముఖ్యమైన కారణము ఎముక కరగుట. పంటి వేరు ఉన్నంతకాలము నమలుటలోని ఒత్తిడి ఎముకకు అందుచు దానిని నిలుపును. వేరు పోయినచో పనిలేని ఎముక క్రమక్రమముగా అరిగిపోవును. మొదటి సంవత్సరమున ఈ అరుగుదల అధికము. మీది దవడకంటె క్రింది దవడలో మరింత అధికము. చేసిననాడు సరిగా అమరిన కట్టుడు పళ్ళు కొన్ని యేండ్లకు వదులగుట పళ్ళ దోషము కాదు. వాని క్రింది నేల కుంగినది. నేల కుంగినచోట గోడకు ఎన్ని పూతలు పూసిన నేమి? మందుల అంగడిలో దొరకు జిగురు పూసికొని కొంతకాలము మేము చేసిన పని అట్టిదే.

ఇందుకు వైద్యులు చూపిన ఉపాయము ఇంప్లాంటు. ఎముకలో బిగించు చిన్న టైటానియం మర అది. దీని కథ విన సొంపైనది. 1952లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ ఎముకలో రక్తప్రసారమును పరిశీలించుటకై కుందేళ్ళ కాలి ఎముకలో టైటానియం గొట్టములు అమర్చెను. ప్రయోగము ముగిసిన పిదప వానిని తీయబోగా అవి రాలేదు; ఎముక ఆ లోహమును తనలో ఒక భాగముగా చేసికొనియున్నది. మరియొకడైనచో గొట్టములు పాడైనవని విసుగుకొని యుండును. ఆయన మాత్రము ఆ విసుగులోనే వైద్యమును చూచెను. 1965లో యోస్టా లార్సన్ అను రోగి దవడలో మొదటిసారి అట్టి మరలను అమర్చెను. ఆ రోగి 2006లో చనిపోవువరకు, నలువది యేండ్లకు పైగా, అవి పనిచేయుచునే యుండెను. 2002లో కెనడా దేశమున మాంట్రియల్ నగరములోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున నిపుణులు సమావేశమై, పండ్లన్నియు పోయిన క్రింది దవడకు రెండు ఇంప్లాంట్ల ఆధారముతో కట్టుడు పళ్ళు నిలుపుట మొట్టమొదట ఎంచదగిన చికిత్స యని అభిప్రాయపడిరి.

రెండు మరలు చాలునా యని మాకును సందేహము కలిగినది. పండ్లను దవడకు శాశ్వతముగా బిగించుటకు నాలుగో ఆరో కావలెను. ఖర్చును అందుకు తగినట్లే యుండును. ఇచట ఉద్దేశము అది కాదు. పళ్ళ వరుస తీసి పెట్టుకొనునదే. కదలకుండ పట్టుకొనుటకు మాత్రమే ఈ మరలు. రవికకు కుట్టు టిచ్ బటన్ చూడుడు. ఒక సగము గుడ్డకు ఈ వైపునను, రెండవ సగము ఆ వైపునను ఉండును. నొక్కినచో టిక్కుమని పట్టును, లాగినచో వచ్చును. ఇదియు అంతే. ఒక సగము చిగురు పైకి కొద్దిగా కనబడు మర తల. రెండవ సగము కట్టుడు పళ్ళ లోపలి వైపున అమర్చిన నైలాను గుండీ.

మా కుమారుడు మొదట సమ్మతింపలేదు. ఆ యేడు టమోటా ధర పడిపోయి యున్నది. బోరు మరమ్మతు బాకీ మిగిలియున్నది. "ఈ వయస్సులో ఇంత ఖర్చు దేనికి నాయనా?" అని అడిగెను. అడుగుటలో కఠినత్వము లేదు, లెక్క ఉన్నది. మేమును బదులు చెప్పలేక ఊరకుంటిమి. మా ఇల్లాలే కలుగజేసికొని, "బోరు ఎండిపోయినచో మరల వేయించుచున్నారు గదా, ఈయన నోరు మూతపడి రెండేండ్లయినది" అనెను. ఆ మాటతో చర్చ ముగిసినది.

వైద్యుడు మొదట మా మధుమేహమును గూర్చి విచారించెను. మూడు నెలల సరాసరి చక్కెర చూపు రక్తపరీక్ష చేయించి, అది అదుపునకు వచ్చువరకు కత్తి పట్టనని చెప్పెను. మేము అందుకు నాలుగు నెలలు పథ్యము చేసితిమి. బీడీలు త్రాగువారికి పుండు మానుట ఆలస్యమగును; మర ఊడిపోవు అవకాశమును అధికము. ఎముకలు గట్టిపడుటకు మందులు వాడువారు, రక్తము పలుచబడుటకు మాత్రలు మ్రింగువారు, ముఖమునకో మెడకో రేడియేషన్ చికిత్స పొందినవారు ఆ సంగతి దాచక చెప్పవలెను. వయస్సు ఒక్కటే అడ్డు కాదు.

పిమ్మట దవడ యొక్క మూడు కొలతల ఎక్స్‌-రే తీసిరి. క్రింది దవడలో పెదవికిని గడ్డమునకును స్పర్శ నిచ్చు నరము ఒకటి సొరంగములో వలె సాగును. దానికి తగులకుండ, ముందు భాగమున కోరపండ్లు ఉండవలసిన రెండు చోట్ల మరలు దించవలెను. మరలు ఒక్కొక్కటి సుమారు 4 మిల్లీమీటర్ల లావు, 10 మిల్లీమీటర్ల పొడవు. చిగురునకు మత్తుసూది వేసిరి గనుక నొప్పి తెలియలేదు. ఎముకను తొలుచు అదురు మాత్రము తెలిసినది. మూడు దినములు గడ్డము వాచినది. ఆ పిదప ఎముక లోహమును పట్టుకొనువరకు మూడు నెలలు ఓపిక పట్టితిమి. అంతవరకు పాత కట్టుడు పళ్ళకు లోపల మెత్తని పూత వేసి ఇచ్చిరి. మూడు నెలల తరువాత పండ్లు నొక్కి పెట్టుకొన్ననాడు ఆ టిక్కుమను చప్పుడు మా చెవికి వినబడినది. వేలితో త్రోసి చూచితిమి, కదలలేదు.

ఇవి దేవుడిచ్చిన పండ్లతో సమానమని మేము చెప్పము. చెరకు గడను ముందు పండ్లతో చీల్చరాదు. రాత్రి తీసి నీటిలో ఉంచవలెను. వేడినీరు పోసినచో పలక వంకరపోవును. టూత్‌పేస్టుతో గట్టిగా తోమినచో గీతలు పడును. మెత్తని బ్రష్షు, కొద్దిగా సబ్బునీరు చాలును. మర తలల చుట్టు ప్రతిదినము శుభ్రపరుపవలెను. పాచి చేరినచో సహజమైన పంటి చుట్టు వలెనే అచటను చిగురు వాచి, ఎముక కరగి, మర వదులగును. నైలాను గుండీలు అరుగునవే. అవి సడలినపుడు మార్పించుకొనవలెను. మాకు ఒకసారి మార్చిరి. అది కొద్ది నిమిషముల పని.

అందరికిని ఇది కావలెనని కాదు. గట్టు ఎత్తుగా నున్నవారికి చక్కగా చేసిన మామూలు కట్టుడు పళ్ళే చాలును. మీది దవడకు సాధారణముగా అవియే సరిపోవును. మాకును మీదివి పాతవియే. ఖర్చునకు జంకువారు కడపలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల వంటి బోధనాసుపత్రులలో విచారించుట మేలు. ఎచటికి పోయినను మూడు ప్రశ్నలు అడుగుడు: ఎన్ని మరలు, ఏల? గుండీలు అరిగినచో దొరకునా? పెట్టిన మర ఏ సంస్థది? సమాధానములను కాగితముపై వ్రాయించుకొని భద్రపరుచుడు. పదేండ్ల తరువాత మరియొక వైద్యునికి ఆ కాగితమే దారి చూపును.

గత శ్రావణమున రామమందిరములో పుస్తకము మరల మా చేతికి వచ్చినది. నాడు నవ్విన పిల్లలలో ఒకడు ఇపుడు కళాశాలలో చదువుచున్నాడు. అతడే దీపము దగ్గరకు జరిపెను. గంటసేపు చదివితిమి. ఇంటికి వచ్చిన పిదప మా మూడేండ్ల మనుమడు "తాతా" అని పిలిచెను. ఆ పిలుపులోని రెండక్షరములును దంత్యములే గదా యని తోచినది. మేము అదే పలుకును వానికి తిరిగి స్పష్టముగా పలికి చూపితిమి.