గుంటూరు సర్కారు - బసాలతుజంగు
(ప్రసంగ పాఠము)



ఇంగ్లీషువారు ఈ దేశమును ఎట్లు వశపరచుకొనిరని ఏ రచ్చబండ కడ నడిగినను రెండు సమాధానములు వినవచ్చును. ఫిరంగులతో గెలిచిరని కొందరు, మనలో ఐకమత్యము లేక పోగొట్టుకొంటిమని కొందరు చెప్పుదురు. రెండింటను కొంత నిజము కలదు. 1759లో బందరు కోట కడ ఫిరంగులు మ్రోగినమాట వాస్తవమే. కాని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల విషయమున ఈ రెండును చాలవు. గుంటూరు సర్కారు కొరకు ఈ నేలమీద చెప్పుకోదగిన యుద్ధమేదియు జరుగలేదు. ఒక సంధిపత్రమున ఒక రాజసోదరుని ఆయుర్దాయము గడువుగా వ్రాయబడెను. ఆ గడువు తీరిన కొన్ని యేండ్లకు దేశము చేతులు మారెను. ఆ రాజసోదరుడు బసాలతుజంగు.

నేటి లెక్కలో తెనాలి గుంటూరు జిల్లాలోను, బాపట్ల, రేపల్లెలు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోను ఉన్నవి. పదునెనిమిదవ శతాబ్దమున ఈ విభాగములు లేవు. కృష్ణకు దక్షిణముగా వ్యాపించిన కొండవీటి సీమకు గోలకొండ పాలకుల నాటినుండి మూర్తజానగరు సర్కారని పేరు. దానినే గుంటూరు సర్కారనిరి. రేపల్లె దిగువను సముద్రతీరమున నిజాంపట్టణపు సర్కారు వేరుగా నుండెడిది. ఆ నాటి గ్రామ కైఫీయతులు చదివినవారు ఒక సంగతి గమనించియుందురు. కొండవీటి సీమను వాసిరెడ్డి, మానూరి, మాణిక్యారావు వంశములవారికి వంతులుగా పంచినపుడు తమ యూరు ఎవరి వంతున వచ్చినదో కరణము తప్పక వ్రాసియుంచెను. గ్రామమునకు దగ్గరివాడు ఆ వంతుదారుడే. హైదరాబాదులో గద్దెమీద నున్న నవాబును గాని, ఆయన తమ్ముని గాని ఊరివారిలో చూచినవారుండరు. కాని ఊరి భవిష్యత్తును నిర్ణయించినది మాత్రము ఆ చూడనివారే.

ఇంగ్లీషువారికి ఈ తీరము క్రొత్త కాదు. 1611లో వారి 'గ్లోబు' అను ఓడ పులికాటునకు పోగా అచ్చటి డచ్చివారు వర్తకము సాగనీయలేదు. అంతట ఆ ఓడ పెద్దపల్లికి, అనగా నిజాంపట్టణమునకు వచ్చి, పిమ్మట బందరు చేరెను. ఆ కాలమున నిజాంపట్టణపు చిరివేరు రంగునకును, అద్దకపు బట్టకును పెట్టినది పేరు. నూటయేబది సంవత్సరముల వరకు వారు గుడ్డ కొనువారే గాని గడ్డ కోరినవారు కారు. ఆ కోరికకు దారి తీసినది ఆసఫుజాహీ వంశమునందలి అన్నదమ్ముల తగవు.

నిజాముల్ముల్కు 1748లో మరణించెను. కుమారుడు నాసిరుజంగు 1750లోను, దౌహిత్రుడు ముజఫరుజంగు 1751లోను హతులైరి. ఫ్రెంచి సేనాని బుస్సీ మరియొక కుమారుడైన సలాబతుజంగును గద్దె నెక్కించెను. ఆ సైన్యపు జీతములకై 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులు ఫ్రెంచివారికి వ్రాసి యియ్యబడెను. 1758 డిసెంబరులో కర్నలు ఫోర్డు చందుర్తి కడ ఫ్రెంచివారి నోడించి, 1759 ఏప్రిలులో బందరు కోటను పట్టుకొనెను. ఫ్రెంచివారికి తోడుపడుటకై సైన్యముతో వచ్చిన సలాబతుజంగు కోట పడిపోవుట చూచి, మే 14వ తేదీన ఇంగ్లీషువారితోనే సంధి చేసికొనెను. బందరుతోపాటు నిజాంపట్టణపు సర్కారు కూడ ఆనాడే కుంఫిణీకి ఇనాముగా వ్రాయబడెను. రేపల్లె తీరము ఇట్లు ముందుగా పోయినది. లోపలి సీమ మిగిలినది.

బసాలతుజంగు ఈ సలాబతుజంగునకు తమ్ముడు. వీరిరువురి నడుమ సోదరుడు నిజామలీఖాను. 1762లో నిజామలీ అన్నను పదభ్రష్టుని గావించి తానే నిజామయ్యెను. మరుసటి యేట అన్న బీదరు కోటలో చంపబడెను. తమ్ముడు బ్రదికి బయటపడెను. ఆదవాని, రాయచూరు, గుంటూరు సర్కారు అతనికి జాగీరుగా నుండెను. అన్న గతి ఏమైనదో చూచిన తమ్ముడు ఎట్టి నిశ్చింతతో నిద్రించునో ఊహింపవచ్చును. అతని తరువాతి నడవడి కంతటికిని ఈ భయమే మూలముగా కనబడుచున్నది.

బేరములాడుట మాత్రము అతనికి బాగుగా తెలియును. 1759లో ఫ్రెంచివారు అతనిని తమవైపు త్రిప్పుకొనుటకు బుస్సీనే పంపిరి. అతడు కోరిన కోరికలకు బేరము పొసగలేదు. 1761లో మైసూరు సరిహద్దులకు దండు వెడలి, కోటలు పట్టలేక చిక్కుపడియుండగా హైదరాలీ కలిసికొనెను. మూడు లక్షల రూపాయలకు సీరా నవాబు పదవిని బసాలతుజంగు హైదరున కిచ్చెను. అప్పటికి సీరా బసాలతుజంగు చేతిలోనే లేదు! తనది కాని సీమను ఒక బిరుదుతోపాటు అమ్మి, ఆ సొమ్ముతో ఇంటికి మరలెను. హైదరు తరువాత దానిని తన కత్తితోనే సంపాదించెను. అది ఇతరుల భూమి గనుక నవ్వుకొనవచ్చును. పదునెనిమిదేండ్లకు అదే చేయి గుంటూరు కాగితముమీద సంతకము చేసెను.

అంతకు ముందు జరిగినది కొంత చెప్పవలసియున్నది. 1765లో క్లైవు ఢిల్లీ పాదుషా షాఆలముచేత ఉత్తర సర్కారులకు ఫర్మానా వ్రాయించెను. పాదుషాకు ఆ సర్కారులలో ఒక్క బంటైనను లేడు; ఇచ్చుటకు ఆయనకు కష్టమేమి? నిజామలీ మండిపడెను. తుదకు 1766 నవంబరు 12వ తేదీన హైదరాబాదులో సంధి కుదిరెను. సర్కారులకై కుంఫిణీ నిజామునకు ఏటేట పేష్కషు చెల్లించుటకు ఒప్పుకొనెను. గుంటూరు సర్కారు మాత్రము బసాలతుజంగునకు సొంత జాగీరు గనుక, అతడు జీవించియున్నంత కాలము గాని, అతని నడవడి నిజామునకు సమ్మతముగా నున్నంత కాలము గాని, కుంఫిణీ దాని జోలికి పోరాదనిరి. 1768 సంధిలో ఈ యేర్పాటును మరల స్థిరపరచి, అతడు కుంఫిణీ శత్రువులతో పొత్తు కూడరాదను షరతును చేర్చిరి. లక్షలాది జనులు గల సీమ ఒక మనుష్యుని ఊపిరికి ముడివేయబడెను. ఊరిలో ఒక వృద్ధురాలి అనుభవమునందున్న పొలమునకు ఆమె తదనంతరము ఎవరు వత్తురని దాయాదులు ఎదురుచూచినట్లు చెన్నపట్టణపు దొరలు ఎదురుచూడ మొదలిడిరి.

వారికి ఈ సర్కారుమీద ఇంత ఆశ యేలనో పటము చూచిన తెలియును. ఉత్తరమున బందరు, ఏలూరు సీమలు కుంఫిణీవి. దక్షిణమున నెల్లూరు సీమ, వారి మాట వినెడి ఆర్కాటు నవాబుది. నడుమ గుంటూరు. చెన్నపట్టణమునుండి బందరునకు సిపాయీలు నేలమీద నడచిపోవలెనన్న పరుల భూమి దాటవలసినదే. అంతకంటె వారిని కలవరపెట్టినది మోటుపల్లి. గణపతిదేవ చక్రవర్తి 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనము వేయించిన రేవు అదియే. ఓడ పగిలినవాని సరకును రాజు కాజేయడని హామీ యిచ్చిన ఆ తీరమున, ఐదువందల యేండ్ల తరువాత, ఫ్రెంచి సిపాయీలును మందుగుండును దిగుచుండెను. బసాలతుజంగు కొలువులో లాలీ అను సేనాని క్రింద ఒక ఫ్రెంచి దళముండెను. దానికి సామగ్రి అంతయు మోటుపల్లి ద్వారమునే అందుచున్నదని 1774 నాటికి చెన్నపట్టణమువారు గగ్గోలు పెట్టిరి. నిజామునకు వ్రాసిరి. నిజాము మెత్తని మాటలతో జవాబు పంపి ఊరకుండెను.

1778లో ఇంగ్లీషు ఫ్రెంచివారి నడుమ మరల యుద్ధము పుట్టెను. అదే కాలమున హైదరాలీ కడప సీమను మ్రింగి ఆదవాని పొలిమేరకు వచ్చెను. బసాలతుజంగు గుండె జారెను. అన్న ఆదుకొనునను నమ్మకము లేదు. ఫ్రెంచి దళము చాలదు. అతడు తానై చెన్నపట్టణమునకు కబురంపెను. 1779లో ఒడంబడిక జరిగెను. గుంటూరు సర్కారును కుంఫిణీకి గుత్తకిచ్చుట, ఫ్రెంచి దళమును తొలగించుట ఇతని వంతు. గుత్త సొమ్ము చెల్లించుట, హైదరు మీదికి వచ్చినచో సైన్యము నంపుట కుంఫిణీ వంతు. ఆదవానిని కాచుకొనుటకు గుంటూరును తాకట్టు పెట్టినట్లయ్యెను.

గవర్నరు రంబోల్డు దొర అంతటితో ఆగలేదు. పుచ్చుకొన్న సర్కారును వెంటనే ఆర్కాటు నవాబు మహమ్మదలీకి పదేండ్లకు మారుకౌలు కిచ్చెను. ఆ నవాబు ఎవడనగా, కుంఫిణీ ఉద్యోగులకే తల మునుగునంత బాకీపడినవాడు! జాగీరుదారునినుండి కుంఫిణీకి, కుంఫిణీనుండి నవాబునకు భూమి చేతులు మారెను. మొదటివాని గుత్త, రెండవవాని లాభము, మూడవవాని అప్పు, అన్నియు తుదకు పండవలసినది దుక్కిలోనే. కౌలుదారు మారుకౌలు కిచ్చిన పొలము గతి యేమగునో ఈ సభలోని రైతులకు చెప్పనక్కరలేదు.

బసాలతుజంగును ద్రోహి యని ఒక్కమాటతో త్రోసివేయువారు కలరు. అది పూర్తిగా న్యాయము కాదు. హైదరు భయము కల్పితము కాదు. ఇతడు చనిపోయిన నాలుగేండ్లకు, 1786లో, హైదరు కుమారుడు టిప్పు నిజముగనే ఆదవానిని ముట్టడించి, ఇతని కుటుంబమును చిక్కుల పాలు చేసెను. అతని దోషము వేరు. కొండవీటి సీమ తనకు వచ్చెడి ఒక రాబడి గానే తోచెను గాని, తాను కాపాడవలసిన జనమున్న దేశముగా తోచలేదు. ఇందులో అతడు తన కాలపు నవాబులకు, కుంఫిణీ దొరలకు తీసిపోయినవాడును కాడు, మించినవాడును కాడు.

ఒడంబడిక ఫలితములు ఎవరును కోరినట్లు రాలేదు. ఆదవానికి సాయము పోవలసిన కర్నలు హార్పరు సేన హైదరు ఏలుబడిలోని కడప సీమ గుండ పోబోయెను. హైదరు మనుష్యులు కనుమలో అడ్డగింపగా వెనుదిరిగెను. గుంటూరు ఇంగ్లీషువారి పాలగుట సహింపనని హైదరు బసాలతుజంగును బెదరించెను. అటు నిజామలీ, తన తమ్మునితో తనకు తెలియకుండ సంధి చేయుటకు మీరెవరని కుంఫిణీని నిలదీసెను. చెన్నపట్టణమువారు దానికి తోడు పేష్కషును మాఫీ చేయుమని అతనినే యడిగిరి! తొలగింపబడిన ఫ్రెంచి దళమును నిజాము తన కొలువులో చేర్చుకొనెను. హైదరు, మహారాష్ట్రులు, నిజాము ఇంగ్లీషువారిపై కూటమి కట్టుటకు గల కారణములలో గుంటూరు వ్యవహారము ముఖ్యమైనది. బసాలతుజంగు భయపడి, నా సర్కారు నాకిచ్చివేయుడని మొరపెట్టుకొనెను.

కలకత్తానుండి హేస్టింగ్సు సర్కారును తిరిగి యిమ్మని ఉత్తరువు పంపెను. చెన్నపట్టణమువారు జాగుచేసిరి. 1780 జూలైలో హైదరు కనుమలు దిగి ఆర్కాటు సీమను తగులబెట్టుచుండగా, కర్నలు బెయిలీ దండు ఈ గుంటూరు సర్కారులోనే యుండెను. దానిని హుటాహుటి దక్షిణమునకు రప్పించిరి. సెప్టెంబరు 10వ తేదీన కంచికి చేరువను పొల్లిలూరు కడ హైదరును టిప్పును దానిని చుట్టుముట్టి తుడిచిపెట్టిరి. బెయిలీ బందీయై శ్రీరంగపట్టణమున మరణించెను. రంబోల్డు తరువాత పదవికి వచ్చిన వైట్‌హిల్లును, గుంటూరును మరల నొప్పగింపవలెనను ఉత్తరువును పాటింపలేదని, ఆ యేటనే పదవినుండి తొలగించిరి. సర్కారు బసాలతుజంగునకు తిరిగి దక్కెను. దానితో నిజాము కోపము చల్లారి యుద్ధమునకు దూరముగా నిలిచెను. చెన్నపట్టణమును ఆపదనుండి కాచిన కారణములలో ఇదియు నొకటి.

1782లో బసాలతుజంగు చనిపోయెను. సంధి ప్రకారము ఆనాడే గుంటూరు కుంఫిణీకి చెందవలెను. కాని కుంఫిణీ మైసూరు యుద్ధమున పీకలవరకు మునిగియున్నది. నిజామలీ సర్కారును తానే స్వాధీనము చేసికొని ఆరేండ్లు అనుభవించెను. 1786లో వచ్చిన కారన్‌వాలీసు సమయమునకై వేచి, 1788లో కెన్నవే అను దొరను హైదరాబాదునకు పంపి, వెనుక సరిహద్దునకు సైన్యమును జరిపెను. తుపాకి ప్రేలకుండనే ఆ యేడు సెప్టెంబరులో నిజాము సర్కారు నొప్పగించెను. వాద మెల్ల పేష్కషు బాకీల లెక్కమీదనే నడచెను. కొండవీటి సీమ రైతు మాట ఆ లెక్కలో ఏ పద్దునను రాలేదు.

ఊళ్లలో వెంటనే మారినది స్వల్పము. వంతుదారులైన జమీందారులే నిలిచిరి, కరణములే వ్రాసిరి. 1794లో గుంటూరునకు కలెక్టరు వచ్చెను. 1802లో శాశ్వత పైసలా జరిగి, జమీందారు కట్టవలసిన పేష్కషు స్థిరపడెను. రైతు జమీందారునకు కట్టవలసినది మాత్రము అట్లు స్థిరపడలేదు. 1805లో ఉప్పుమీద కుంఫిణీ గుత్తాధికారము ఏర్పడగా, తీరపు ఊళ్లవారు తమ కళ్లెదుట పండిన ఉప్పును సర్కారునుండి కొనవలసివచ్చెను.

ఉత్తర సర్కారులకై నిజామునకు ఏటేట ముట్టుచుండిన పేష్కషు మరికొంత కాలము సాగెను. 1823లో కుంఫిణీ ఒక్కమొత్తము చెల్లించి ఆ హక్కును కూడ కొనివేసెను. అప్పటికి బసాలతుజంగు మరణించి నలుబది యొక్క సంవత్సరములైనది.