మన ప్రాథమికోన్నత పాఠశాలలు - వాటి భవిష్యత్తు

(శతవార్షికోత్సవ విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములలో గుడుల గురించి, ఆసుపత్రుల గురించి, కళాశాలల గురించి పెద్దలు మాట్లాడినారు. మాకు అప్పగించిన విషయము చిన్నది: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల బడి. ఇంట్లో నడిమి బిడ్డవలె అది ఎవరి కంటా పడదు.

1841లో మచిలీపట్టణము చేరిన రాబర్ట్ నోబుల్ గారు 1843లో అక్కడ ఇంగ్లీషు బడి తెరిచినారు. అది ఎక్కువగా పై కులముల పిల్లలకు ఉపయోగపడినది. పల్లెలకు బడి వేరే దారిన వచ్చినది. 1912లో అజరయ్య గారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన కాలమున పల్లె పంతులు గారే ఉపదేశి. పగలు పిల్లలకు ఓనమాలు, రాత్రి లాంతరు వెలుగులో పెద్దలకు ప్రార్థన. ఊరి బడి గడప తొక్కనివ్వని కుటుంబముల పిల్లలు ఆ పూరింట్లో పలకపట్టినారు.

కాని అక్కడి చదువు చిన్న తరగతులతో ఆగేది. ఆ పైన హయ్యర్ ఎలిమెంటరీ బడి, దాని పక్కన బోర్డింగు ఉన్నచోటనే పిల్లవాడు ముందుకు సాగినాడు. ఎనిమిదవ తరగతి ఇ.యస్.యల్.సి. ప్యాసై, ట్రైనింగు పొంది పంతుళ్లయిన తాతలు మన సంఘములలో ఎందరో! మన కుటుంబములను కూలి నుండి జీతమునకు దాటించిన వంతెన ఈ మధ్య బడియే.

ఈ వయస్సు ఎంత ముఖ్యమో లూకా సువార్తలో చూతుము. పండ్రెండేండ్ల బాలయేసు దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి ప్రశ్నలు వేసెను. ప్రశ్న పుట్టే వయస్సు అది. కూలికి పిలుపు వచ్చే వయస్సు కూడా అదే. పత్తి విత్తనపు చేలలో క్రాసింగు పనికి ఆడపిల్లలను తీసికొనిపోయిన సంగతి మనమెరుగుదుము. పై తరగతి దూరమైతే అమ్మాయి చదువు ఆగును. పెండ్లి మాట మొదలగును.

2009 విద్యా హక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, 6 నుండి 14 ఏండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్యను హక్కు చేసినది. ఆరు నుండి ఎనిమిది వరకు 35 మందికొక ఉపాధ్యాయుడు, గణిత విజ్ఞానములకు, సాంఘికమునకు, భాషలకు వేరువేరుగా బోధించువారు ఉండవలెనన్నది. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టము వర్తించదని తీర్పు చెప్పినది. చట్టము మనలను విడిచినను మనస్సాక్షి విడువదు. 2020 జాతీయ విద్యా విధానము ఈ మూడు తరగతులను ప్రత్యేక దశగా గుర్తించి, సంచి లేకుండ పది దినములు వడ్రంగము, తోటపని, కుమ్మరము వంటివి చూపించమన్నది. వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువును కొలిచే మనకు ఇది కొత్త మాటా?

ఒక తప్పు ఒప్పుకొందము. మన బిడ్డలను ప్రైవేటు బస్సులెక్కించి, సంఘపు బడిలో పిల్లలు లేరని తీర్మానము వ్రాసినవారము మనమే. ఖాళీ అయిన బడి స్థలములో దుకాణములు కడితే అద్దె వచ్చును; పంతుళ్లు రారు.

కావున మూడు మనవులు. ప్రతి పాస్టరేటు తన పరిధిలో అయిదవ తరగతి తరువాత బడి మానిన పిల్లల పేర్లు ఈ ఏడే వ్రాయవలెను. కోతకాలపు కృతజ్ఞతార్పణలో ఒక భాగము లెక్కలు, ఇంగ్లీషు చెప్పు ఉపాధ్యాయుల జీతమునకు కేటాయించవలెను. బడి నిలుపలేని చోట బోర్డింగునైనా తెరచి, ప్రభుత్వ బడికి వెళ్లు పిల్లలకు, ముందుగా ఆడపిల్లలకు, నీడనియ్యవలెను.

మన తాతలకు ఎవరో ఆ వంతెన వేసినారు. మనము దానిని కూల్చి రాళ్లమ్ముకొనకుండ ప్రభువు మనలను కాపాడును గాక. ఆమెన్.