లెక్క చేలో తేలాలి

వ్యవసాయ పట్టభద్రులారా, మీకు హృదయపూర్వక అభినందనలు.

మొక్క ఎదుగుదలను సమీకరణాల్లో రాసి, కంప్యూటర్‌లో పెంచి చూసే శాస్త్రం నాది. దాని బలమెంతో, హద్దెక్కడో చెబుతాను.

మండే ఎండలో ఆకు తనకు మించిన వెలుతురును వేడిగా మార్చి వదిలేస్తుంది. అది దానికి రక్షణ. ఇంతలో మబ్బు కమ్మినా, పై ఆకు నీడ పడినా ఆ రక్షణ వెంటనే ఆగదు. కాసేపు దొరికిన కొద్దిపాటి వెలుతురూ వృథా అవుతుంది. ఒక్క ఆకులో ఇది చిన్న నష్టమే. చేనంతటికీ లెక్క కడితే, పరిస్థితులను బట్టి పైరు కూడబెట్టగల కార్బన్‌లో 30 శాతం దాకా పోవచ్చని 2004లో ఇల్లినాయ్ శాస్త్రవేత్తల కంప్యూటర్ నమూనా చెప్పింది. ఆ రక్షణ త్వరగా సడలేలా జన్యువులు మార్చిన పొగాకు, పొలంలో సుమారు 15 శాతం ఎక్కువ పెరిగిందని 2016లో ప్రకటించారు. ఆపై సోయా చిక్కుడులో ప్రయత్నిస్తే 2020లో గింజ దిగుబడి సగటున 20 శాతానికి పైగా పెరిగింది. మరుసటి ఏడు పైరు ముందే నేలకొరిగింది, ఆ లాభం కనబడలేదు. ఎక్కడ వెతకాలో నమూనా చూపింది. కాండం నిలబడుతుందా లేదా అన్నది ఆ లెక్కలో లేదు.

రేపు మీలో కొందరు అనంతపురం చేలకు వెళ్తారు. వేరుశనగ ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే కాయ ఎంత తగ్గుతుందో, అప్పుడు ఒక్క తడి ఇస్తే ఎంత దక్కుతుందో నమూనాతో అంచనా వేయవచ్చు. కానీ నమూనాలో మట్టి లోతు మీటరని రాసుకున్న చోట, అడుగు తవ్వగానే పారకు రాయి తగిలితే? ఉన్న తేమ లెక్కలో అనుకున్నదాంట్లో మూడో వంతు కూడా కాదు. ఆ అంచనా నమ్మి తడి ఆలస్యం చేసిన రైతు మునిగిపోతాడు.

అందుకే సలహా చెప్పే ముందు చేలో దిగండి. తవ్వి చూడండి, రైతును అడగండి. లెక్కకూ పంటకూ తేడా వస్తే దాన్ని దాచకండి. కొత్త శాస్త్రం మొదలయ్యేది అక్కడే. మీరిచ్చే అంకె మీద ఒక కుటుంబం ఏడాది పెట్టుబడి పెడుతుంది. ఆ బాధ్యత మోయగల చదువు మీకుంది.