అవ్వ బస్సు టికెట్ ఏ పద్దు కింద?

 

మేము హాస్టల్ వార్డెన్లం. హాజరు పట్టీ, కందిపప్పు లెక్క తప్ప మాకు ఇంకేమీ తెలియదంటారు. ఈ రోజు కూడా లెక్కే చెబుతాం. కాకపోతే మత్తు లెక్క.

కొన్నేళ్ళ క్రితం తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక రాత్రి తాగి వచ్చాడు. నియమం నియమమేనని తెల్లవారగానే పంపేశాం. వాడు ఇంటికి పోలేదు, రొయ్యల గుంటల కాపలాకు పోయాడు. అక్కడ అడ్వాన్సు ఇచ్చారు, సాయంత్రం సీసా ఇచ్చారు. మళ్ళీ బడి ముఖం చూడలేదు. తప్పు మాదే. ట్రైనింగులో మాకు క్రమశిక్షణ నేర్పారు గానీ, తాగి వచ్చిన పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి, తెల్లవార్లూ ఊపిరి చూస్తూ కూర్చోవాలని నేర్పలేదు.

తర్వాత ఇంకొకడు అట్లాగే వచ్చాడు. ఈసారి పంపలేదు. పొద్దున అన్నం పెట్టి, వాళ్ళ అవ్వను పిలిపించాం. ఆమె తిట్టలేదు. మూడు రోజులుండి, రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవిలో మనవాళ్ళు ఎట్లా బతికిందీ పిల్లలకు చెప్పింది. పీతల బొరియ గుర్తుపట్టే మాట వచ్చినప్పుడు, మనవడే లేచి బొమ్మ గీసి చూపించాడు. వాడు తాగడం పూర్తిగా మానలేదు, అబద్ధం చెప్పం. కానీ బడి మానలేదు. రాత్రిళ్ళు కాలువగట్టున పడి ఉండడం లేదు.

అయిన ఖర్చు అవ్వ బస్సు టికెట్, మూడు రోజుల భోజనం. బిల్లు పెడితే ఏ పద్దు కింద అని అడిగారు. పద్దు లేదు. బ్యానరుకైతే ఉంది.

మన జిల్లాకు ఇది కొత్త కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమానికి ఊతం ఇచ్చింది రాత్రిబడి. అక్షరాస్యత కోసం వచ్చిన డబ్బుతో నడిచిన బడి అది. అక్కడ సీతమ్మ కథ చదివి, అది తమ ఇంటి కథేనని లేచారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధమైంది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. చట్టం పోయిందని బాధపడతాం గానీ, పదిమంది కూర్చునే ఆ సాయంత్రాలు పోవడమే పెద్ద నష్టమని మా అభిప్రాయం.

కెనడాలో ఆల్కలీ లేక్ అనే ఆదివాసీ ఊరుంది. 1972లో ఒక్క జంట తాగుడు మానడంతో మొదలై, కొన్నేళ్ళలో ఊరు ఊరే మారింది. వాళ్ళు తమ పాత ఆచారాలను కూడా తిరిగి తెచ్చుకున్నారు.

మనకు డబ్బు అడిగే దారి ఉంది. జనాభాలో మన వాటా ఎంతో ప్రణాళిక నిధుల్లో అంత మనకు ఖర్చు చేయాలని 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ ఉంది. ఈలోగా ఎవరికైనా సాయం కావాలంటే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 రాసుకోండి.

అర్జీ రాసి తెచ్చాం. ప్రతి హాస్టల్లో వారానికి రెండు సాయంత్రాలు మన అవ్వలకు, తాతలకు గౌరవ వేతనం, రానుపోను ఛార్జీలు, తాగి వచ్చిన పిల్లల్ని గెంటేయకుండా చూసుకోవడానికి ఒక నర్సమ్మ. ఇంతే అడిగాం. కాగితం భోజనాల బల్ల దగ్గర ఉంటుంది. చదివి, తప్పులుంటే దిద్ది, సంతకం పెట్టండి.