గల్ఫ్ నుంచి ఇంటికి: మన లెక్కల్లో లేని బాటసారి

(మన సంఘం వార్షిక సమావేశంలో దాతల ముందు చేసిన ప్రసంగ పాఠం)



జకాత్ పొందదగినవారు ఎనిమిది రకాలని తౌబా సూరాలో ఉన్న సంగతి మనందరికీ తెలుసు. ఫకీర్లు, మిస్కీన్లు అనగానే మన వీధిలోని ముఖాలు గుర్తొస్తాయి. చివరగా వచ్చే ‘ఇబ్నుస్సబీల్’, అంటే బాటసారి అనేసరికి మాత్రం ఒంటెలు, ఎడారి, సత్రాలు గుర్తొస్తాయి. అందుకే మన పద్దు పుస్తకంలో ఆ గడి ఏటా ఖాళీగానే ఉంటోంది. ఆ బాటసారి ఇవాళ దమామ్‌లోనో కువైట్‌లోనో ఒక లేబర్ క్యాంపులో ఉన్నాడు. ఇల్లేమో మండిబజార్‌లోనో, కరీమాబాద్‌లోనో, జనగామలోనో ఉంది.

మన తండ్రుల కాలంలో గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు బొంబాయిలో విమానం దిగి, రైలెక్కి, సికింద్రాబాద్ మీదుగా కాజీపేట చేరేవారు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. ఇప్పుడు రియాద్ నుంచి నాలుగైదు గంటల్లో అక్కడ దిగొచ్చు, అక్కడి నుంచి మనకు సుమారు 170 కిలోమీటర్లు. (మామునూరులో విమానాలు మళ్లీ దిగుతాయంటున్నారు. అక్కడికి గల్ఫ్ విమానం వస్తుందని నేనైతే ఇప్పట్లో ఆశపడటం లేదు.) దారి ఇంత దగ్గరైనా కొందరికి ఇల్లు చేరడానికి నెలలు పడుతోంది. ఆలస్యమంతా విమానం ఎక్కకముందే జరుగుతుంది.

మూడేళ్ల కిందట ఒక తల్లి మన ఆఫీసుకొచ్చి, “నా కొడుక్కి టికెట్ ఇప్పించండి బాబూ” అంది. కొడుకు సౌదీలో టైల్స్ మేస్త్రీ. పదకొండేళ్ల సర్వీసు. ఏడు నెలలుగా జీతం లేదు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది, ఇఖామా గడువు దాటిపోయింది. అప్పటికే వాళ్లు అప్పుచేసి ఒక టికెట్ కొన్నారు. ఎగ్జిట్ వీసా లేదని విమానాశ్రయంలో అతన్ని వెనక్కి పంపేశారు. టికెట్ డబ్బు పోయింది, అప్పు మిగిలింది.

అతనికి ముందు కావలసింది టికెట్ కాదు. పాస్‌పోర్టు చేతికి రాకపోతే మన రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ కావాలి. ఫైనల్ ఎగ్జిట్ కావాలి. పారిపోయాడని యజమాని ‘హురూబ్’ పెట్టి ఉంటే అది తేలాలి. జీతం కోసం అక్కడి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఉండాలి. ఇక్కడి నుంచి మనం చేయగలిగింది ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, వారం వారం దాని వెంటపడటం. చేతిలో చిల్లిగవ్వ లేనివారికి టికెట్ కోసం రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. ఆ నిధిని అడగాలంటే దరఖాస్తు సరిగా రాయాలి.

ఆ మేస్త్రీ ఏ కాగితం మీదైనా సంతకం పెట్టి బయటపడదామనుకున్నాడు. సౌదీ చట్టం ప్రకారం సర్వీసు ముగింపు డబ్బు మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. పదేళ్లు దాటితే తానే మానుకున్నా పూర్తిగా రావాలి. పదకొండేళ్లకు లెక్క కట్టండి: ఎనిమిదిన్నర నెలల జీతం! ఆగమని చెప్పాం. ఐదు నెలలు పట్టింది. రావలసిన దాంట్లో సగానికి పైగా తెచ్చుకుని దిగాడు.

అప్పుడు మనలో ఒక పెద్దమనిషి, “సొంతిల్లు ఉన్నవాడికి జకాత్ ఎలా ఇస్తాం?” అన్నారు. మంచి ప్రశ్నే. ఉలమాలు చెప్పేది ఏమిటంటే, బాటసారి తన ఊళ్లో ఉన్నవాడే కావచ్చు. దారిలో ఆ ఆస్తి అతనికి అందదు, అందుకే అతనికి వేరే పద్దు పెట్టారు.

ఇక ప్రాణంతో రానివారి మాట. మరణ ధృవపత్రం, పోలీసు కాగితం, కుటుంబ అంగీకారం, రాయబార కార్యాలయం అనుమతి అన్నీ వచ్చాకే శవపేటిక విమానమెక్కుతుంది. అన్ని వారాలు జనాజా ఆపడం కష్టమని చాలా కుటుంబాలు అక్కడే దఫన్‌కు ఒప్పుకుంటున్నాయి. అది వారి ఇష్టం. కానీ దఫన్‌కు అంగీకారం వేరు, బకాయిలు వదులుకోవడం వేరు. ఏడుస్తున్న ఇంట్లో ఆ కాగితం చదివి చెప్పే మనిషి పక్కన ఉండాలి. ప్రమాదంలో పోయినవారికి ప్రవాసీ భారతీయ బీమా కింద 10 లక్షలు రావచ్చు, పాలసీ రెండు మూడేళ్లకే ఇస్తారు గనక గడువు చూసుకోవాలి. గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబానికి 5 లక్షలిచ్చే ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వం 2024లో తెచ్చింది. దరఖాస్తు కలెక్టర్‌ గారికి పెట్టాలి. శంషాబాద్ నుంచి ప్రభుత్వ ఉచిత అంబులెన్సు కోసం ముందే చెప్పుకోవాలి. ఇవి తెలియక ప్రైవేటు వాహనానికి వేలు పోసినవాళ్లున్నారు.

కాబట్టి ఈ ఏడాది నేను అడిగేవి రెండే. జకాత్ రసీదు రాయించేటప్పుడు కొంత ‘బాటసారి’ పద్దులో వేయండి. రెండోది డబ్బు కాదు. అరబీ చదవగలిగినవారు ఒకరు, కంప్యూటర్‌లో దరఖాస్తులు నింపగలిగినవారు ఒకరు, ఆదివారం జొహర్ తర్వాత రెండు గంటలు మన ఆఫీసులో కూర్చోవాలి. మీ ఇంట్లో అలాంటి కుర్రవాడో అమ్మాయో ఉంటే, భోజనాలకు లేచేముందు పేరు నాకివ్వండి.