ఏడాదిలో సాంచా ఎన్ని దినాలు నడిచింది?

(సిరిసిల్ల పట్టణం గడిచిన ఏడాది ప్రగతి, వచ్చే ఏడాది పనుల మీద పట్టణంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



'మన పట్టణం ఏడాది ప్రగతి, వచ్చే ఏడాది ప్రణాళిక' అని విషయం ఇచ్చి మమ్ములను మాట్లాడమన్నారు. మేం పత్రికలోల్లం. ఉద్యమంలో మీతోటి రోడ్ల మీద కూచున్నోళ్లం. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. వచ్చినంక మా పని తీరలేదు. కొట్లాడి తెచ్చుకున్నదాంట్లె ఎవరి వాటా ఎంత అందిందో లెక్క అడగడం మా పని. ఆ లెక్క కోసమే ఈ సభకు వచ్చినం.

ప్రగతి నివేదిక అంటే అందరికీ తెలిసిన పద్ధతి ఒకటున్నది. ఇన్ని కిలోమీటర్ల సీసీ రోడ్డు, ఇన్ని దీపాలు, ఇన్ని మొక్కలు, ఇన్ని శంకుస్థాపనలు. ఇవన్నీ కావాల్సినయే. కాని సిరిసిల్ల లాంటి ఊరికి ఈ కొలబద్ద సరిపోదు. ఈ ఊరికి అసలు కొలబద్ద ఒక్కటే. ఏడాదికి మూడు వందల అరవై అయిదు దినాలుంటే, అందుల సాంచా ఎన్ని దినాలు నడిచింది? ఈ అంకె ఏ నివేదికల రాదు. అందుకే దాని చుట్టే మాట్లాడుతం.

సాంచా ఆగితే ఏమేం ఆగుతది?

పాతిక వేలకు పైగా మరమగ్గాలున్న ఊరు మనది. మానేరు ఒడ్డున పుట్టి, చేతి మగ్గం నుంచి సాంచాకు మారి, పాలిస్టర్ బట్ట, కాటన్ లంగా బట్ట నేసి దేశానికి పంపిన ఊరు. ఎన్నికలొస్తే అన్ని పార్టీల జెండాలూ కండువాలూ ఈడికెళ్లే పోతయి. పని దొరకక భీవండికి, సూరత్‌కు పోయినోళ్ల ఊరు కూడా ఇదే.

సాంచా ఒక్కటే నడవదు. సేటు నూలు తెస్తడు. సైజింగు, వార్పింగు అయితది. వైపని కార్మికుడు పోగుకు పోగు కలుపుతడు. ఆసామి తన నాలుగు సాంచాలు పెట్టుకొని సేటు ఇచ్చిన భీములకు కూలి మీద బట్ట నేపిస్తడు. ఇంట్ల అక్క కండెలు చుడతది. హమాలీ తాన్లు మోస్తడు. డైయింగుల, మడత కాడ ఇంకో పది చేతులుంటయి. సందు మొగదల చాయ్ హోటల్, కిరాణం కొట్టు, కిరాయి ఇల్లు, పిల్లల బడి ఫీజు, అన్నీ ఆ చప్పుడు మీదనే బతుకుతున్నయి. సాంచా ఒక దినం ఆగితే కార్మికునికి ఆ దినం కూలి పోతది. పది దినాలు ఆగితే ఆసామి అప్పుల పడతడు. మూడు నెలలు ఆగితే ఊరు మొత్తం ఖాళీ అయితది.

2000 తరువాతి పదేండ్లల్ల సిరిసిల్ల పేరు పత్రికల మొదటి పేజీల వచ్చిందంటే అది చావు కబురే. 'సిరిసిల్ల కాదు ఉరిసిల్ల' అని జనం నోట మాట పుట్టింది ఆ రోజులల్లనే. ఆ మాట మళ్ల వినబడొద్దన్నదే మన ప్రణాళికకు మొదటి వాక్యం కావాలె.

పాత పద్దు ముందుగాల చూద్దాం

గడిచిన ఏడాది తెలవాలంటే అంతకు ముందరి ఏండ్ల పద్దు తిరగెయ్యాలె. 2017ల బతుకమ్మ చీరల పథకం మొదలైంది. మొదటి ఏడాది సగం చీరలు సూరత్ నుంచి తెచ్చినారు. నాణ్యం బాగలేదని ఆడబిడ్డలు మండిపడ్డారు. ఆ తరువాత ఆర్డరు మనకు వచ్చింది. ఏడాదికి కోటి దాకా చీరలు. దానికి తోడు బడి పిల్లల యూనిఫాం గుడ్డ. వలస పోయినోళ్లు కొందరు తిరిగొచ్చినారు. కూలి గిట్టింది. ఇది మంచే. ఎవరు చేసినా మంచిని మంచే అందాం.

కాని ఒక లెక్క కట్టి చూడుండ్రి. కోటి చీరలు, రవిక గుడ్డ పక్కకు పెడితే చీరకు ఐదున్నర మీటర్లు. అంటే ఐదున్నర కోట్ల మీటర్లు. సాంచాలు పాతిక వేలే అనుకుందాం. అందరికీ సమానంగా పంచితే ఒక్కో సాంచాకు 2,200 మీటర్లు. ఒక సాంచా రోజుకు ఎంత నేస్తదో మీకు మేం చెప్పాల్నా? 2,200 మీటర్లు ఎన్ని దినాల్ల అయిపోతయో ఈడ కూచున్న ప్రతి కార్మికునికి తెలుసు. అంత పెద్ద ఆర్డరు కూడా ఏడాది పొడుగునా ఊరందరికీ పని ఇయ్యలేదు. కొనేటోడు ఒక్కడే, పండుగ ఒక్కటే, బట్ట ఒక్క రకమే. ఆ ఒక్క తలుపు మూసుకుంటే ఏమైతది అని ఆనాడు ప్రణాళిక వేసినోళ్లు ఎవరూ అడగలేదు.

తలుపు మూసుకుంది. 2023 డిసెంబరుల ప్రభుత్వం మారింది. పాత చీరల బకాయిలు కోట్లల్ల మిగిలినయి. 2024ల బతుకమ్మ చీరలు లేవు. ఆ ఏడాది మొదటి నెలలల్లనే సాంచాలు బంద్ పడ్డయి. మళ్ల ఆత్మహత్యల వార్తలు రాసే గతి పట్టింది. పాత ప్రభుత్వం బకాయి పెట్టింది, కొత్త ప్రభుత్వం ఆర్డరు ఆపింది. ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. నడుమ నలిగింది మాత్రం కూలికి పోయేటోడు.

2025: చేతికి వచ్చిందేంది?

అప్పటి నుంచి కొంత కదలిక వచ్చింది. 2024 నవంబరుల ముఖ్యమంత్రి వేములవాడకు వచ్చినప్పుడు 50 కోట్ల నూలు డిపో సంగతి తేలింది. నూలు దూరం నుంచి తెచ్చుకోలేని చిన్న ఆసామికి ఇది అక్కరకొచ్చే పని. మహిళా సంఘాల సభ్యులకు చీరలిచ్చే ఆర్డరు మన సాంచాల మీదికి వచ్చింది. ఆ చీరల పంపిణీ 2025 నవంబరు 19న, ఇందిరా గాంధీ జయంతి నాడు మొదలైంది. చప్పుడు మళ్ల వినబడ్డది.

2025 సెప్టెంబరు 22 నుంచి కృత్రిమ నూలు మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మనది పాలిస్టర్ ఊరు కాబట్టి ఇది మనకు పెద్ద ముచ్చట. కాని దిగిన ఏడు శాతం ఎవరి జేబులకు పోయింది? నూలు అమ్మేటోడి దగ్గరనే ఆగిందా, ఆసామి దాకా వచ్చిందా, కూలిల కలిసిందా? ఈ సవాలు అధికారులను అడగాలె, వ్యాపారులనూ అడగాలె.

ఇక పట్టణ పాలన. 2025 జనవరి ఆఖరుకు మున్సిపల్ పాలకవర్గాల గడువు తీరింది. ఆ ఏడాది ఎన్నికలు జరగలేదు. ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. మోరీ తీయించమని అడగడానికి వార్డుకు ఒక మనిషి లేకుండ ఏడాది గడిచింది. అధికారి మంచోడే కావచ్చు. కాని ఓటు కోసం మన గడపకు మళ్ల రావాల్సిన మనిషి వేరు, బదిలీ మీద పోయే మనిషి వేరు.

వానకాలం సంగతి మరిచిపోవద్దు. 2021 సెప్టెంబరుల కొత్త చెరువు మత్తడి నీళ్లు ఊర్లెకు వచ్చి వీధులు వాగులైనయి. నీళ్లల్ల తడిసిన సాంచా మోటరు, తడిసిన భీము ఖరీదు ఎంతో ఆసామికి తెలుసు. నీళ్లు పోయే తొవ్వల మీద కట్టడాలు కట్టినంక నీళ్లు ఇండ్లల్లకు రాక ఎటు పోతయి? రోడ్డు ఫొటో నివేదికల ఉంటది. నాలా ఫొటో ఉండదు. నాలా కూడా ప్రగతే.

వచ్చినయి కూడా చెప్పాలె. 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. మొదటి జాబితాల మన పేరు లేకుంటే కొట్లాడి చేర్పించుకున్నం. 2023ల సర్కారు మెడికల్ కాలేజీ తెరిచినారు. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల రైలు మార్గానికి 2016 ఆగస్టుల శంకుస్థాపన అయింది. 2023 అక్టోబరుల రైలు సిద్దిపేటకు చేరింది. అది సిరిసిల్లకు వస్తే నూలు వచ్చే ఖర్చు, బట్ట పోయే ఖర్చు తగ్గుతది. సిద్దిపేట దాకా రావడానికే ఏడేండ్లు పట్టింది. మిగిలిన పనికి తేదీ చెప్పమని అడగడం తప్పు కాదు.

వచ్చే ఏడాదికి మనం అడిగేది

మేం పెద్ద పెద్ద కోరికలు చెప్పం. ఐదు పనులు చెప్తం. ఐదూ ఒక ఏడాదిల మొదలు పెట్టదగ్గయే.

ఒకటి, ఆర్డర్ల క్యాలెండరు. బడి యూనిఫాం, హాస్టల్ దుప్పట్లు, దవాఖాన బట్టలు, మహిళా సంఘాల చీరలు. ప్రభుత్వం ఎట్లాగూ కొనేటియే. వీటినన్నిటినీ ఒక్కసారి కుమ్మరించి, మిగిలిన నెలలు ఎండబెట్టొద్దు. జూన్‌ల బడి తెరుస్తరని జనవరిల తెలవదా? పన్నెండు నెలలకు పంచి, ఏ నెలల ఎన్ని మీటర్లో ముందే ప్రకటించాలె.

రెండు, పైసలు గడువుల ఇయ్యాలె. ఇది దయ కాదు, చట్టం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమ సరుకు ఇస్తే కొన్నోళ్లు 45 దినాలు మించకుండ పైసలు కట్టాలె. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇచ్చుకోవాలె. ఇనకపోతే ఫిర్యాదుకు ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉన్నది. నమోదు కాని యూనిట్లు, సంఘాలు ఈ ఏడాదే నమోదు కావాలె. బకాయి కోసం దండం పెట్టే రోజులు పోయి, కాగితం పట్టుకొని అడిగే రోజులు రావాలె.

మూడు, కార్మికుని లెక్క. పెద్దూరు శివారుల షెడ్లు కట్టి, కార్మికునికి నాలుగేసి సాంచాలిచ్చి యజమానిని చేస్తమన్నారు. ఎంతమంది యజమానులైనారో పేర్లతోటి జాబితా గోడకు అతికియ్యాలె. అట్లనే కార్మికులందరికీ గుర్తింపు కార్డు, కూలి ఒప్పందం, పొదుపు పథకం. వైపని, వార్పింగు కార్మికులు, కండెలు చుట్టే ఆడోళ్లు ఈ జాబితాల ఉండాలె. సాంచా ముంగట నిలబడనంత మాత్రాన వాళ్లు నేత కార్మికులు కాకుండ పోరు.

నాలుగు, ప్రభుత్వం కాకుండ రెండో కొనుగోలుదారు. సాదా సాంచా మీద ఒక్క రకం బట్ట నేస్తే సూరత్‌తోటి నిలబడలేం. సాంచాల ఆధునికీకరణకు సాయం, ప్రాసెసింగు సౌకర్యం, డిజైను నేర్పే తరగతులు కావాలె. కరెంటు సంగతి మనకు ఒక బలం. దేశంల అరుదైన సహకార విద్యుత్ సంఘం, మన సెస్, 1970 నాటి నుంచి ఈ ఊర్ల ఉన్నది. రాయితీ సొమ్ము ప్రభుత్వం సెస్‌కు సకాలంల జమ చేస్తే, ఆ పేచీ ఆసామి మీటరు దాకా రాదు.

ఐదు, వార్డు లెక్క. 2019 మున్సిపాలిటీల చట్టంల ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు రాసి ఉన్నయి. యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, పెద్దలకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. చట్టంల ఉన్నది, వార్డుల ఉన్నదా? 39 వార్డుల్ల కమిటీలు కూచోవాలె. వానకాలానికి ముందు నాలాలు, తరువాత ఖర్చు పద్దు, రెండూ జనం ముందట చదవాలె. ఈ పని చేయించుకునేది మనమే.

మిత్రులారా, అధికారులు నివేదిక రాస్తరు, రాయనియ్యుండ్రి. మనం కూడా ఒకటి రాసుకుందాం. ప్రతి కార్ఖానల గోడ మీద ఒక క్యాలెండరు వేలాడుతది. సాంచా నడిచిన దినానికి ఒక గీత కొట్టుండ్రి. నడవని దినానికి సున్నా పెట్టుండ్రి. కూలి చేతికి వచ్చిన తేదీ పక్కన రాయుండ్రి. పన్నెండు నెలలు నిండినంక వార్డుల వారీగా కూడితే, ఏ మంత్రీ, ఏ అధికారీ కాదనలేని లెక్క తయారైతది. మేం ఆ లెక్కను మా పత్రికల మొదటి పేజీల వేస్తం. అదే ఈ ఊరి అసలు ప్రగతి నివేదిక అయితది.

రాష్ట్రం కోసం దినాలు లెక్కపెట్టకుండ కొట్లాడినం. ఇప్పుడు ఒక్కొక్క దినం లెక్కపెట్టి అడుగుదాం. పని దినం పోతే మన బతుకుల ఒక దినం పోయినట్టే.

జై తెలంగాణ.