నక్కవాగు, చంద్రమండలము, న్యాయస్థానము

(సంగారెడ్డిలో పోటీపరీక్షలకు చదువుకొనుచున్న యువతీయువకుల సభలో ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



వర్తమాన వ్యవహారములలో రెండు విషయములను గూర్చి మీకు చెప్పవలసినదని ఈ సభానిర్వాహకులు నన్ను కోరిరి. ఒకటి న్యాయవ్యవస్థా సంస్కరణము. రెండవది అంతరిక్ష విజ్ఞానము. మొదటిది నా వృత్తి. రెండవదానియందు నేనును మీవంటి విద్యార్థినే. కళాశాలలో భౌతికశాస్త్రము చదివి, తరువాత నల్లకోటు తొడిగినవాడను.

ఇందాక మీలో కొందరి నోటుపుస్తకములు తిరుగవేసి చూచితిని. తేదీలకు ఎఱ్ఱసిరాతో వలయములు చుట్టి శ్రద్ధగా వ్రాసికొన్నారు. 2023 ఆగస్టు 23, చంద్రయానము-3. 2024 జులై 1, క్రొత్త నేరశాసనములు. 2025 జనవరి 16, స్పేడెక్స్ ఉపగ్రహముల కలయిక. అన్నియు సరియే. కాని ఒక పుటలోని తేదీకిని మఱియొక పుటలోని తేదీకిని మాటలు లేవు, పగబట్టిన పాలివారి వలె. ఆ రెండు పుటలను ఎదురెదురుగా పెట్టుటయే నేడు నేను చేయదలచిన పని.

మన ఇంటి వ్యాజ్యముతో మొదలుపెట్టెదను. పటాన్‌చెరు, బొల్లారము పారిశ్రామికవాడలలో మందుల కర్మాగారములు, రసాయనముల కర్మాగారములు వెలసినవి. వానితో కూలి వచ్చినది, జీతము వచ్చినది. దానిని నేను కాదనను. ఈ సభలో అనేకుల పుస్తకములు ఆ జీతముతో కొన్నవే. కాని వాని విడుపునీరు నక్కవాగులో కలిసినది. నక్కవాగు మంజీరలో కలిసినది. వాగువెంట భూములు చెడినవి, బావులు చెడినవి. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అను సంస్థ సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసినది. ఆ ధర్మాసనము మన జిల్లా న్యాయమూర్తిచేత విచారణ జరిపించినది, రైతులకు నష్టపరిహార మిమ్మనినది. 2001లో వ్యాజ్యము హైదరాబాదు హైకోర్టునకు బదిలీ యైనది. అచ్చటినుండి 2013లో జాతీయ హరిత ట్రిబ్యునలునకు పోయినది. ట్రిబ్యునలు తీర్పు చెప్పినది 2017 అక్టోబరులో. ఇరువదియేడు సంవత్సరములు! వ్యాజ్యము వేసిననాడు పాలుద్రావు శిశువునకు తీర్పునాటికి మీ యీడు వచ్చినది.

ఈ నడుమ జరిగిన దొకటి వినుడు. 2007లో స్వీడను దేశపు గోథెన్‌బర్గు విశ్వవిద్యాలయమునకు చెందిన జోకిం లార్సన్ తన తోడివారితో గలసి ఒక పరిశోధనపత్రమును ప్రకటించెను. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగునీరు వచ్చి చేరెడు పటాన్‌చెరు సామూహిక శుద్ధికర్మాగారమునుండి వెలువడిన నీటిలో, అనగా శుద్ధియైనదని చెప్పబడిన నీటిలో, సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవినాశక ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు కనబడినది. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండు పాళ్లకంటె అది హెచ్చు! క్రిములు మందునకు అలవాటుపడుటకు ఇంతకంటె మంచి పాఠశాల గలదా? ఆ పత్రము ప్రపంచమంతయు చదువుచుండగా మన వ్యాజ్యము హైకోర్టులో వాయిదాలమీద నడచుచుండెను. తరువాత 18 కిలోమీటర్ల గొట్టపుమార్గము వేసి ఆ నీటిని అంబరుపేట శుద్ధికేంద్రమునకు మఱలించిరి. మంజీర బరువును మూసీ నెత్తిన పెట్టిరన్నమాట.

ఒక చిన్న హెచ్చరిక, పరీక్షకు పనికివచ్చునది. ఆ సంస్థ పేరుతోనే మీ పుస్తకములలో మఱియొక ప్రసిద్ధమైన తీర్పు గలదు. అది రాజస్థానములోని బిచ్ఛ్రీ గ్రామపు వ్యాజ్యము. 1996 ఫిబ్రవరిలోని తీర్పు. కలుషితము చేసినవాడే ఖర్చు భరింపవలెనను సూత్రము నందు స్థిరపఱచిరి. రెంటిని కలగాపులగము చేయకుడు. ఆ తీర్పును ఎగవేయుటకు ప్రతివాదులు దరఖాస్తుపై దరఖాస్తు పెట్టుచు 2011 వఱకు కోర్టును త్రిప్పిరనుట కూడ వ్రాసికొనుడు. తీర్పు వచ్చుట వేఱు, అమలగుట వేఱు.

చంద్రుని చేరుటకు 40 దినములు, నక్కవాగు తీర్పునకు 27 ఏండ్లు అని చెప్పి ఉపన్యాసకులు చప్పట్లు కొట్టించుకొందురు. నేనును ఒకప్పుడు కొట్టించుకొన్నవాడనే. ఆ పోలిక చెల్లదు. చంద్రునికి వకీలు లేడు. భూమ్యాకర్షణశక్తి ప్రతివాదపత్రము దాఖలు చేయుటకు నాలుగు వారముల గడువడుగదు. ఎదుటిపక్షము మాట వినుట న్యాయమునకు ప్రాణము. వినుటకు కొంత కాలము పట్టును. ప్రతివాది మాట వినక 40 దినములలో తీర్పుచెప్పు కోర్టు వెలసినచో మొదట నలిగిపోవువాడు పేదవాడే.

పోల్చవలసినది మఱియొకటి గలదు. 2019 సెప్టెంబరు 7న చంద్రయానము-2 దిగుయంత్రము చంద్రునిపై కూలిపోయినది. దేశము కంటతడి పెట్టినది. తరువాత శాస్త్రజ్ఞులు ఏమి చేసిరి? ఐదు యంత్రములు అనుకొన్నదానికంటె ఎక్కువ త్రోపు నిచ్చినవని, పొరపాట్లు పేరుకొని పోయినవని, వానిని దిద్దుకొనుటకు కావలసినంత వేగముగా యంత్రము తిరుగలేకపోయినదని, దిగవలసిన చోటు 500 మీటర్ల చతురస్రము మాత్రమే యగుటచే ఇఱుకైనదని కారణములను ఒక్కొక్కటిగా ఏఱి వ్రాసిరి. పిదప నడిమి యంత్రమును తీసివైచిరి. కాళ్లను గట్టిచేసిరి. ఇంధనము పెంచిరి. వేగమును కొలుచుటకు లేజరు పరికరమును చేర్చిరి. దిగుచోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పునకు విశాలము చేసిరి. 2023లో గెలిచినది ఆ చిట్టాయే.

ఇరువదియేడేండ్ల వ్యాజ్యము ముగిసిన పిమ్మట అట్టి చిట్టా మనలో ఎవరు వ్రాసిరి? ఏ యేట, ఎవరి కారణమున, ఎన్నిమార్లు వాయిదా పడెను? నివేదిక రాక ఆగినదా, న్యాయమూర్తి లేక ఆగినదా, వకీలు రాక ఆగినదా? మన న్యాయవ్యవస్థలో కూలిన వ్యాజ్యమునకు శవపరీక్ష చేయు ఆచారము లేదు. ఇప్పుడు జాతీయ న్యాయసమాచార ఫలకములో పెండింగు వ్యాజ్యముల సంఖ్యలు ఎవరైనను చూడవచ్చును. దేశమంతటను అవి 5 కోట్లకు మించినవి. ఆలస్యమునకు కారణములు కూడ అందు చూపుదురు. వానిలో మిక్కిలి పెద్దది 'వకీలు లభింపకపోవుట'. అది చదివి నేను తలవంచుకొంటిని.

ఎందుకో చెప్పెదను. 2011లో సకల జనుల సమ్మె జరిగిన 42 దినములును నేను స్వయంసేవకుడనై వీధులలో నుంటిని. వకీళ్లము కోర్టులను బహిష్కరించితిమి. ఆ ఉద్యమమును గూర్చి నాకు పశ్చాత్తాపము లేదు. కాని నా కక్షిదారు ఒకడు చిన్న దొంగతనపు నేరమున జైలులో నుండెను. అతని బెయిలు దరఖాస్తు నా సంచిలోనే యుండిపోయెను. సమ్మె ముగిసి నేను కోర్టునకు పోయిననాడు అతడు నన్నొక్క మాటయు అనలేదు. "మీరు వచ్చిరి గదా, చాలును సార్" అనెను. ఉద్యమచరిత్రలో ఆ దినములు ఏ లెక్కలోను చేరలేదు.

ఇక సంస్కరణముల మాట. న్యాయమూర్తుల సంఖ్యయే మొదటి మాట. పదిలక్షల జనమునకు 50 మంది న్యాయమూర్తులు కావలెనని లా కమిషను తన 120వ నివేదికలో 1987లోనే చెప్పెను. నేటికిని సుమారు 21 మందిని దాటలేదు. మన రాష్ట్రమునకు 2019 జనవరి 1న ప్రత్యేక హైకోర్టు వచ్చినది. 2021లో దాని న్యాయమూర్తుల సంఖ్యను 24 నుండి 42కు పెంచిరి. 2022 జూన్ 2న క్రొత్త జిల్లాలకు జిల్లాకోర్టులు తెఱచిరి. కుర్చీలు పెరిగినవి, కూర్చుండువారు కావలెను. మీలో న్యాయశాస్త్రము చదివినవారు గమనింపుడు: జూనియరు సివిలు జడ్జి పరీక్షకు మూడేండ్ల వకీలువృత్తి అవసరమని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

క్రొత్త నేరశాసనములలో మంచి మాటలు కొన్ని గలవు. వాదములు ముగిసిన పిదప 30 దినములలో, కారణములు వ్రాసినచో 45 దినములలో, తీర్పు చెప్పవలెనని భారతీయ నాగరిక సురక్షా సంహిత 258వ విభాగము చెప్పుచున్నది. తొలిసారి నేరారోపణకు గురియైనవాడు, ఆ నేరమునకు గల గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము విచారణఖైదీగా గడిపినచో విడువవలెనని 479వ విభాగము చెప్పుచున్నది. మరణశిక్ష, యావజ్జీవశిక్ష గల నేరములకు అది వర్తింపదు. 2011లో ఈ విభాగ మున్నను నా కక్షిదారునకు అక్కఱకు వచ్చెడిది కాదు. దరఖాస్తు తీసికొనిపోవు వకీలు వీధిలో నుండెను గదా!

ఉపగ్రహమునకును కోర్టునకును సంబంధమేమని మీరు అడుగవచ్చును. బాలానగరులోని జాతీయ దూరసంవేదన కేంద్రము మనకు ఎంతో దూరములేదు. ఏ చెఱువు ఏ యేట ఎంత కుంచించుకొనిపోయెనో ఉపగ్రహచిత్రము చెప్పును. 2025 జులై 30న పైకెగసిన నైసార్ ఉపగ్రహము 12 దినముల కొకమారు భూమిని చూచుచు, నేల అంగుళముకంటె తక్కువ క్రుంగినను పట్టగలదు. మబ్బు లడ్డురావు, చీకటి యడ్డురాదు. కాని ఆ చిత్రము కోర్టులో సాక్ష్యముగా నిలువవలెనన్నచో భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగము క్రింద ధ్రువపత్రము కావలెను. దాఖలు చేయువాడు ఒక భాగము, నిపుణుడు ఒక భాగము పూరింపవలెను. ఒకమాట మాత్రము మఱువకుడు. బావినీటిలో కరిగిన మందును ఏ ఉపగ్రహమును చూడలేదు. దానికి సీసాలో నీరుపట్టి, ముద్రవేసి, ప్రయోగశాలకు తీసికొనిపోవు మనిషి కావలెను. ఆ మనిషి రేపు మీలో ఒకడు కావచ్చును.

బాధ్యతను గూర్చి గూడ ఒక సామ్య మున్నది. 1972 నాటి అంతరిక్ష బాధ్యతా ఒడంబడిక ప్రకారము, ఒక దేశము ప్రయోగించిన వస్తువు మఱియొక దేశపు నేలపై పడి నష్టము చేసినచో, తప్పున్నను లేకున్నను, ప్రయోగించిన దేశమే పరిహార మీయవలెను. ఢిల్లీలో 1985లో జరిగిన ఓలియం వాయువు ప్రమాదముపై 1986 డిసెంబరులో భగవతి ప్రధానన్యాయమూర్తిగారు చెప్పిన పూర్ణబాధ్యతా సూత్రము దాదాపు అదే. ప్రమాదకరమైన పని చేయువాడు తన జాగ్రత్తను చూపి తప్పించుకొనరాదు. 2022 నవంబరు 18న హైదరాబాదు యువకుల స్కైరూటు సంస్థ విక్రమ్-ఎస్ రాకెట్టును ఎగురవేసినది. అట్టి రాకెట్టు శకలము పరదేశమున పడినచో మొదట మన ప్రభుత్వము చెల్లింపవలెను. సంస్థనుండి ఎట్లు రాబట్టవలెను? 2023 నాటి అంతరిక్ష విధానము విధానపత్రమే గాని శాసనము గాదు. ప్రధానపరీక్ష వ్యాసములో ఈ సందేహమును లేవనెత్తినవానికి నేనైతే మార్కులు వేయుదును.

నంబి నారాయణన్‌గారి కథ మీకు తెలిసినదే. 1994లో బంధించిరి; 1996లో కేంద్ర నేరపరిశోధకసంస్థ ఆరోపణలు నిరాధారములనెను; 2018లో సుప్రీంకోర్టు 50 లక్షల పరిహార మిమ్మనెను. నేరము లేదని తేలుటకు రెండేండ్లు, దాని ఖరీదు కట్టుటకు ఇరువదిరెండేండ్లు.

ఇది పుస్తకములోని వ్యవహారమని మాత్ర మనుకొనకుడు. మన గ్రూపు-1 పరీక్ష సంగతి చూడుడు. 2022 నాటి ప్రకటనకు జరిగిన ప్రాథమికపరీక్ష ప్రశ్నపత్రము బయటపడి 2023 మార్చిలో రద్దయినది. మఱల జరిగినది హైకోర్టు తీర్పుచే రద్దయినది. 2024లో క్రొత్త ప్రకటన వచ్చినది. 2025 సెప్టెంబరు 9న ఏకసభ్య ధర్మాసనము ఆ ప్రధానపరీక్ష ఫలితములను కొట్టివేయగా, అదే నెల 24న ద్విసభ్య ధర్మాసనము ఆ తీర్పును నిలిపివైచినది. ఎవరి వాదము సరియో ఇచ్చట చెప్పబోను. వకీలును గదా, ఎటునైన వాదింపగలను. వెనుక వరుసలో ఒక సోదరి 2022లో మొదలుపెట్టిన నోటుపుస్తకమునే నేటికిని మోయుచున్నది. ఆ అట్ట చిరిగిన పుస్తకము నేను చూచితిని.

చివరకు పాశమైలారము. 2025 జూన్ 30న సిగాచి కర్మాగారములో ప్రేలుడు జరిగి యాభైమందికి పైగా మరణించిరి. బిహారునుండి, ఒడిశానుండి, ఉత్తరప్రదేశమునుండి పొట్టకూటికి వచ్చినవారు వారిలో ఎందరో. కొందరి దేహములైనను దొరకలేదు. ప్రజాప్రయోజన వ్యాజ్యము హైకోర్టునకు వచ్చినది. ఆ యింటి పసిపిల్లలకు నక్కవాగు లెక్కన న్యాయము జరిగినచో ఏ సంవత్సరము వచ్చునో మీరే కూడుకొనుడు. చిట్టా వ్రాయుట అచ్చటినుండి మొదలుపెట్టవలెనని నా కోరిక. ప్రతి వాయిదాకు తేదీ, కారణము, కారకుడు, అంతే. దానికి శాసనము అక్కఱలేదు, ఒక నోటుపుస్తకము చాలును.

సోమవారమునాడు పదిన్నర గంటలకు జిల్లాకోర్టు కూర్చుండును. బహిరంగ న్యాయస్థానము గనుక ఎవరైనను వెనుక బల్లపై కూర్చుండవచ్చును. సెల్‌ఫోను మాత్రము మూసి పెట్టుకొనవలెను. నేను పదింటికే గుమ్మముకడ నుందును. వచ్చువారు ఆ ఎఱ్ఱసిరా కలమును గూడ తెచ్చుకొనుడు.